మరచెంబుల కమిటీ

మా ఆయన సంవత్సరీకాలు అయిపోయాక, ఇక ఆ అటక మీద ఏముందో చూద్దాం అమ్మమ్మా అని నా మనవరాలు స్టూలు వేసుకుని ఎక్కింది. భవానీపురంలో మేముండేది చిన్న వాటా. అటకంటే వంటింటి తలుపు మీద ఒక బల్ల, అంతే. అక్కడి నుంచి మగ్గం మీద అడ్డపోగు తోలే నాడె, విరిగింది, తుప్పు పట్టిన త్రాసు, చిలుము పట్టిన ఇత్తడి సామాను దింపింది. అందులో రెండు మరచెంబులున్నాయి. ఈ కాలం వాళ్ళకి తెలియదు కాబట్టి చెబుతున్నాను: మరచెంబు మూతకి మరలుంటాయి, తిప్పి బిగిస్తే చుక్క కారదు, మూత మీద పట్టుకోవటానికి కడియం ఉంటుంది. రైలెక్కినా, పెళ్ళికి పోయినా చేతిలో అది ఉండాల్సిందే. చిన్నదాని మెడకి ఎర్రనూలు కట్టి ఉంది. రంగు పోయి మట్టిరంగుకి వచ్చింది గానీ ఆ ముడి నేను వేసిందే. రెండోది పెద్దది, పక్కన సొట్ట. "ఇదెవరిది అమ్మమ్మా?" అంది. మనది కాదన్నాను. మనది కానిది మన అటక మీద ఎందుకుందని అడిగింది. అదంతా చెప్పే ఓపిక నాకు లేదన్నాను. ఆ పిల్ల ఊరుకునే రకం కాదు. కాగితాలు తెచ్చుకుని నా మంచం పక్కన కూచుంది. నాకు చదువు రాదు. నా పేరు నేను రాసుకోగలను, బస్సు మీద బోర్డు కూడబలుక్కోగలను. కాబట్టి నేను చెబుతున్నాను, తను రాస్తోంది.

నా మనవరాలు కూడా ఇప్పుడొక బోర్డులో మెంబరు. జీతం లేదు, ఊరికే చేస్తుంది. ఒక దేశం పిల్లల్ని తెచ్చి ఇంకో దేశం వాళ్ళ ఇళ్ళలో కొన్నాళ్ళు ఉంచుతారట, వీళ్ళ పిల్లల్ని అక్కడికి పంపుతారట. ఆదివారం కంప్యూటరు ముందు కూచుని తలా ఒక ఊరి నుంచి మాట్లాడుకుంటారు. మొన్న ఆ మీటింగు అయ్యాక వచ్చి నా పక్కన వాలిపోయింది. "పిల్లలకి ఏది పడుతుందో ఏది పడదో ముందే అడిగి తెలుసుకుందాం అంటాను నేను. అదంతా చాదస్తం అంటారు వాళ్ళు. విసుగొచ్చింది అమ్మమ్మా, మానేస్తాను" అంది. నేనూ అట్లాంటి కమిటీలో ఉన్నానే అన్నాను. పగలబడి నవ్వింది. "నువ్వా!" అంది. నేనే. అసలు మెంబరు మా అత్తగారు. ఆవిడ బదులు వెళ్ళి కూచున్నది నేను.

అప్పుడు మా ఇల్లు వన్ టౌన్‌లో, కాలవకి దగ్గర సందులో ఉండేది. ఊరిని బెజవాడ అనేవాళ్ళం. ముందుగదిలో చిన్న బట్టల కొట్టు, వెనక పంచలో గుంట మగ్గాలు. నేను పెడన వైపు నుంచి కోడలిగా వచ్చి ఎక్కువ రోజులు కాలేదు. పొద్దున్నే మా అత్తగారు ఇంత పెద్ద డేగిసాలో గంజి కాచేది. తాగటానికి కాదు, నూలుకి. వీధి పొడుగునా పడుగు, అంటే నిలువు పోగులు, చాపి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి, ఎండ ముదరకముందే చుట్టెయ్యాలి. అట్లా చెయ్యకపోతే మగ్గం మీద పోగులు తెగుతాయి. పులిసిన గంజి వాసన మా చీరల్లో, మా జుట్టులో, చంటిపిల్లల బొంతల్లో కూడా ఉండేది. పెళ్ళికి వెళితే మేం గుమ్మంలో ఉండగానే నేతోళ్ళొచ్చారని చెప్పేవాళ్ళు.

మా అత్తగారు చిన్నప్పటి నుంచీ మగ్గం గుంటలో కూచుని కూచుని మోకాళ్ళు పోగొట్టుకుంది. వీధి గుమ్మం పక్కన చాప వేసుకుని, రోట్లో తమలపాకులు దంచుకుంటూ, అక్కడి నుంచే ఇల్లంతా నడిపేది. గురువుగారి దగ్గర ముద్రలు వేయించుకున్నప్పటి నుంచి నీచు మానేసింది, ఇంట్లో వాళ్ళందరి చేతా మానిపించింది. చేపల బుట్టలవాళ్ళు మా సందు మొదట్లోనే అరుపు ఆపేసి, చివర్లో మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు. ఆవిడకి మా ఆయన తర్వాత ఒక్కతే కూతురు, కనకం. పదహారేళ్ళది. చెయ్యి అంత తేలిక. తెగిన పోగుని అది అతికితే ఎక్కడ అతికిందో కళ్ళు చికిలించుకుని వెతికినా దొరికేది కాదు. అవి యుద్ధం రోజులు. నూలుకి కంట్రోలు. చాలా పొద్దులు మగ్గాలు ఊరికే ఉండేవి. ఖాళీ మగ్గం ముందు కనకం కూచుని ఉంటే మా అత్తగారు ఆ వైపు చూసేది కాదు.

అట్లాంటప్పుడు ఒక సాయంత్రం గవర్నరుపేట నుంచి ప్లీడరుగారు వచ్చారు. మా కొట్లో బట్ట కొనే పెద్దమనిషి, ఖద్దరు మనిషి. దేశంలో ఒక మూలవాళ్ళకి ఇంకో మూలవాళ్ళు తెలియటం లేదని ఆయన బాధ. ఇరుగుపొరుగు సంఘం అని ఒకటి పెట్టారు. దూరదేశం పిల్లల్ని తెచ్చి ఇక్కడ మన ఇళ్ళలో కొన్నాళ్ళు ఉంచటం, మన పిల్లల్ని అక్కడికి పంపటం దాని పని. "అన్ని వృత్తులవాళ్ళూ కమిటీలో ఉండాలమ్మా. నేతవారి తరఫున ఒక స్త్రీ కావాలి. మీరు ఒప్పుకోవాలి" అన్నారు మా అత్తగారితో.

ఆవిడ తమలపాకుల రోలు పక్కన పెట్టింది. "నాకు మోకాళ్ళు లేవండి. నా కోడలొస్తది. మాట నాది, కాళ్ళు దానివి" అంది.

ఆయన వెళ్ళాక నన్ను దగ్గరికి పిలిచింది. "విన్నావా నాంచారీ? బెంగాలు నుంచి ఒక పిల్లొస్తదంట. ఆ పిల్ల దీపావళి దాకా ఇక్కడుంటే, ఇక్కణ్ణించి మనం ఒక పిల్లని పంపొచ్చంట. వాళ్ళూళ్ళో ఊదితే ఎగిరేంత సన్నం నేస్తారంట. ఇంత నూలుతో అంత బట్ట. పోయేది మన కనకం. నువ్వు అక్కడ కూచుని చేసే పని అదొక్కటే. నా మోకాళ్ళు ఎట్టాగూ పోయినయి. దానివి పోనివ్వను."

కమిటీ అంటే ప్లీడరుగారు, ఆయన భార్య సుందరమ్మగారు, చేపల వ్యాపారం చేసే గంగరాజు, నేను. గంగరాజు కొల్లేటి నుంచీ బందరు నుంచీ సరుకు తెప్పించి బెజవాడలో అమ్మేవాడు. ప్లీడరుగారు అతణ్ణి పట్టుబట్టి చేర్చారు. లోపలికి వచ్చి కూచోమంటే, "ఇక్కడ గాలి బాగుంటదండీ" అని గడప పక్కనే కూచునేవాడు. మీటింగు ప్లీడరుగారి వసారాలో. నేను బయల్దేరేముందు మా ఆయన కొట్లో నుంచి కేకేసేవాడు: "మెంబరుగారూ, నూలు కండెలు చుట్టటం అయిందా? దేశాన్ని ఉద్ధరించి వచ్చేటప్పుడు ఇంత ఉప్పు పట్టుకురా!" పక్క కొట్టువాళ్ళు నవ్వేవాళ్ళు. నేను తల దించుకుని, మా అత్తగారి మరచెంబు నిండా నీళ్ళు పోసుకుని నడిచేదాన్ని.

ఎందుకంటే ఎవరి నీళ్ళు వాళ్ళవే. వసారా గోడ వారగా మరచెంబులన్నీ వరసగా పెట్టేవాళ్ళం. ఇల్లు తమదే అయినా సుందరమ్మగారు తమ ఇద్దరికీ రెండు తెచ్చి పెట్టేవారు, లోపల ప్లీడరుగారి తల్లి మడి, మధ్యలో లేచి లోపలికీ బయటికీ తిరగకూడదు. మా చెంబు మారిపోకుండా దానికి ఎర్రనూలు కట్టాను. గంగరాజుది పెద్దది, సొట్టది, దాన్ని కాస్త ఎడంగా అతనే పెట్టేవాడు. మనమందరం ఒక్కటి అని ప్లీడరుగారు గంటసేపు మాట్లాడేవారు. గొంతు ఎండిపోయేది ఆయనకి. అందరం ఎవరి మూత వాళ్ళు తిప్పుకుని, ఎవరి నీళ్ళు వాళ్ళు ఎత్తిపోసుకునేవాళ్ళం. అందులో వింత ఏమైనా ఉందని మాలో ఒక్కరికీ తోచలేదు. నవ్వమాకే, రాసుకో.

వచ్చిన పిల్ల పేరు అనిమా, ఇంటిపేరు చక్రవర్తి. కనకం ఈడుదే. తండ్రి బడిపంతులు, కలకత్తాకి అవతల ఒక నేతగాళ్ళ ఊరు. పిల్లని ఎవరింట్లో ఉంచాలనే మాట మీద కమిటీలో పెద్ద చర్చ ఏమీ జరగలేదు. "చక్రవర్తులంటే వాళ్ళలో బ్రాహ్మలు. మన ఇల్లే సరైంది" అన్నారు ప్లీడరుగారు. అందరం సరేనన్నాం. నేనూ తలూపాను. మాకు తెలిసిన లెక్క అదే. సుందరమ్మగారు ఆ పిల్ల కోసం కొత్త కంచం కొన్నారు. మామిడికాయ పప్పు, గుమ్మడికాయ పులుసు, గడ్డపెరుగు, ఒక పూట చేసింది ఇంకో పూట చెయ్యకుండా వండి పెట్టారు. పిల్ల అన్నంలో మజ్జిగ పోసుకుని రెండు ముద్దలు తిని లేచేది. మెడ ఎముకలు కనపడసాగాయి. దిష్టి అన్నారు, ఎండ అన్నారు, బెంగ అన్నారు. సుందరమ్మగారు మీటింగులో కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకున్నారు. "నా వంట అంత పాడుగా ఉంటుందా నాంచారమ్మా? నా కూతురు బతికుంటే ఇంతే ఉండేది. దానికి పెట్టినట్టు పెడుతున్నాను. తినదేం?" అన్నారు.

మగ్గం చూపించమని ఆ పిల్లని అప్పుడప్పుడు మా ఇంటికి పంపేవాళ్ళు. కనకం, అనిమా మాటలు లేకుండానే చేతులతో, కళ్ళతో కబుర్లు చెప్పుకునేవాళ్ళు. ఒకరోజు ముసురు పట్టి ఉంది, కృష్ణకి ఎర్రనీళ్ళు వచ్చాయి. మీటింగు రేపటికి మారిందని చెప్పటానికి గంగరాజు వచ్చాడు. మా ఇంటి సంగతి తెలిసినవాడు కాబట్టి తన బుట్టని సందు మొదట్లో చూరు కింద దించి వచ్చాడు. మా అత్తగారికి వాసన తగల్లేదు. అనిమాకి తగిలింది. చేతిలో కండె అట్లాగే పడేసి వీధిలోకి పరుగెత్తింది. నేనూ కనకం వెనక పడ్డాం. చూసేసరికి వానలో బుట్ట ముందు గొంతుక్కూచుని, పైన కప్పిన ఆకులు తీసి, వెండి పలకలాంటి చేపని రెండు చేతుల్తో ఎత్తి పట్టుకుని ఉంది. నవ్వుతోంది, ఏడుస్తోంది. "ఇదేందమ్మో! అయ్యగారింటి పిల్ల ఇట్టా పట్టుకుందేంటి!" అని గంగరాజు నిలువునా బిగుసుకుపోయాడు. పిల్ల నోటి దగ్గర చెయ్యి పెట్టుకుని చూపించింది. అమ్మ వండుతుంది, నాన్న తింటాడు, అందరం తింటాం. జందెం ఉన్నట్టు భుజం మీద గీత గీసి మరీ చూపించింది. అప్పటికి గానీ మాకు తెలియలేదు, ఆ దేశంలో బ్రాహ్మలు చేపలు తింటారని. తెలియకపోవటం కాదు, అడగాలనే తోచలేదు.

మా అత్తగారికి చెప్పక తప్పలేదు. ఆవిడ చాలాసేపు తమలపాకులు దంచుతూనే ఉంది. నలిగిపోయినా దంచుతూనే ఉంది.

"ప్లీడరుగారింట్లో తెలిస్తే?" అంది.

"ఉంచుకోరు అత్తయ్యా. పంపించేస్తారు."

"దీపావళికి ముందే పోతే?"

"మన పిల్లని పంపే మాట ఉండదు."

లోపల కనకం నీళ్ళ కుండ దగ్గర నిలబడి అంతా వింటోంది.

"ఆ వాసనొస్తే నాకు ముద్ద దిగదే నాంచారీ" అంది మా అత్తగారు. "సరే. పెరట్లో, మగ్గాల పంచకి అవతల. పొయ్యి వేరే, గిన్నెలు వేరే. వండేది నువ్వు గాదు, గంగరాజు పెళ్ళాం. ఆ పూట నేను తినను. నా ఊసు ఎవరూ ఎత్తమాకండి."

మర్నాడు కమిటీలో నేను నోరు విప్పి చెప్పాను. ప్లీడరుగారు నమ్మలేదు. "బ్రాహ్మలు కదమ్మా వాళ్ళు!" అన్నారు. "బ్రాహ్మలేనండి. అక్కడి బ్రాహ్మలు తింటారంట. వాళ్ళ నాన్నగారు స్నానం చేసి, సంధ్య వార్చుకుని మరీ తింటారంట" అన్నాను. సుందరమ్మగారు లోపలి తలుపు వైపు చూసి గొంతు తగ్గించారు. "మా అత్తగారి చెవిన పడితే ఇల్లంతా కడిగిస్తుంది. నన్ను కూడా కలిపి కడిగిస్తుంది." ప్లీడరుగారు లేచి అటూ ఇటూ తిరిగి, "ఒంట్లో బాగాలేదని వాళ్ళకి కబురుచేసి పంపించేద్దాం" అన్నారు. "పంపొద్దండి. మధ్యాహ్నం పూట మా ఇంటికి పంపండి, మిగతాది మేం చూసుకుంటాం. మా అత్తగారి మాట ఇది" అన్నాను. అందరూ ఆ మాట అర్థం చేసుకుంటూ కూచున్నారు. మా ఇంట్లో ఏముండదో అందరికీ తెలుసు మరి. చివరికి ప్లీడరుగారు కళ్ళజోడు తుడుచుకుని, "అంటే పిల్ల మధ్యాహ్నం పూట నేత నేర్చుకుంటుంది. అంతే కదా?" అన్నారు. అంతేనండీ అన్నాం. "నేతకి కావాల్సిన సరుకు నేను పంపిస్తానండీ" అన్నాడు గంగరాజు గడప దగ్గర నుంచి. ప్లీడరుగారు నవ్వకూడదనుకుని కూడా నవ్వారు. ఆ వసారాలో చేప అనే మాట ఎవరూ పైకి అనలేదు.

గంగరాజు భార్య పోలమ్మ వచ్చి వండేది. చింతపండు పులుసు, దాని మీద ఎర్రగా తేలే కారం. మొదటి రోజు అనిమా కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా ఆపకుండా తింది. తర్వాత ఆవాలు తెచ్చి, నూరినట్టు చూపించి, ఇది వెయ్యమంది. "చేపల్లో ఆవపిండా! ఆవకాయ పెట్టమంటదా ఏంది ఈ పిల్ల!" అని పోలమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. వేసింది. రుచి చూసి, "ఊఁ, చావలేదులే" అంది. కనకం గిన్నె ముట్టుకునేది కాదు గానీ ఎదురుగా కూచుని అనిమా ముల్లు తీసే తీరు చూసేది, మగ్గం మీద చెయ్యి చూసినంత శ్రద్ధగా. ఆ పొద్దులు మా అత్తగారు వీధి తలుపు దగ్గరే, కడుపులో ఏమీ లేకుండా, ముక్కుకి కర్పూరం గుడ్డ అడ్డం పెట్టుకుని కూచునేది. మా ఆయన ఆవిడ ముందు అన్నం కంచం పెట్టుకోలేక కొట్లోనే తినేవాడు. మెంబరుగారూ అని ఎగతాళి చెయ్యటం కూడా మానేశాడు.

ఒక మధ్యాహ్నం చెప్పకుండా సుందరమ్మగారు జట్కా దిగారు. పెరటి గుమ్మం దాకా వచ్చి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. అనిమా చూసి ముద్ద కంచంలో వదిలేసింది. "తినమ్మా, తిను. నేనేం అననులే" అన్నారు ఆవిడ. పిల్లకి తెలుగు పూర్తిగా రాదు, ముఖం చూసి తెలుసుకుంది, మళ్ళీ తినటం మొదలుపెట్టింది. అప్పటికి దాని బుగ్గలు నిండాయి. సుందరమ్మగారు చాలాసేపు చూశారు. "మా ఇంట్లో దీన్ని ఇట్లా చూళ్ళేదు నాంచారమ్మా" అన్నారు. ఎండలో వచ్చారు, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. తొందరలో మరచెంబు మర్చిపోయి వచ్చినట్టున్నారు. పోలమ్మ అలవాటు కొద్దీ, "కాసిని నీళ్ళు పుచ్చుకోండమ్మా" అని కుండలో చెంబు ముంచి, ఎవరితో మాట్లాడుతోందో గుర్తొచ్చి, ముంచిన చెయ్యి ముంచినట్టే ఉంచేసింది. నేనూ ఇవ్వగలిగిన దాన్ని కాదు. సుందరమ్మగారు ఆ కుండ వైపు చూశారు. గుటక వేశారు. "వస్తానమ్మా" అని జట్కా ఎక్కి ఆ ఎండలో గవర్నరుపేట దాకా దాహంతోనే వెళ్ళారు.

దీపావళికి అనిమా నిండుగా, నవ్వుకుంటూ వెళ్ళింది. పండక్కి కనకం నేసిన చిన్న తువ్వాలు పట్టుకుపోయింది. ఇక మా పిల్ల వంతు. అప్పుడు అడ్డం తిరిగింది మా ఆయన. "చేపలు తినే ఇంట్లో అది ఏం తిని బతుకుతుంది? ముందు తెలియలేదు కాబట్టి సరే అన్నాను. ఇప్పుడు తెలిసి ఎట్లా పంపమంటారు?" అన్నాడు. కనకం అన్నయ్య ముందు ఎప్పుడూ గొంతెత్తని పిల్ల. "ఆ పిల్ల మొదట్లో ఇక్కడేం తిందో నేనక్కడ అదే తింటాను అన్నయ్యా. అన్నం ఎక్కడైనా అన్నమేగా" అంది. మా అత్తగారు కొడుకు వైపు చూసింది. ఇన్ని పూటలు ఊరికే పస్తున్నానా అన్నట్టు ఉంది ఆ చూపు. ఆయన లేచి కొట్లోకి వెళ్ళిపోయాడు.

కాశీ వెళ్ళే ముసలి దంపతులని ప్లీడరుగారు చూసిపెట్టారు. కలకత్తా మీదుగా పోతూ కనకాన్ని అనిమా తండ్రికి అప్పగిస్తారు. స్టేషనుకి అందరం వచ్చాం. మా అత్తగారు కూడా జట్కాలో వచ్చి, నా భుజం మీద బరువు వేసి ప్లాట్‌ఫారం మీదికి నడిచింది. మిలిటరీ రైళ్ళు పోతుంటే మేం ఎక్కించాల్సిన బండి రావటం ఆలస్యమైంది. ఎండ. కనకం మరచెంబులో నీళ్ళు అక్కడే అయిపోయాయి. కుళాయి దగ్గర సోల్జర్ల గుంపు. అంతలో బండి వచ్చింది, తోసుకుంటూ ఎక్కించాం. కిటికీలో నుంచి కనకం ఖాళీ చెంబు ఊపి చూపించింది. బండి కూత వేసింది. గంగరాజు గబుక్కున తన పెద్ద చెంబు, నిండా నీళ్ళున్నది, కిటికీ ఊచల కిందికి ఎత్తాడు. "తీసుకో తల్లీ!" అన్నాడు. అని, తను చేసింది తెలుసుకుని, చెయ్యి కొద్దిగా వెనక్కి తీశాడు. కనకం తల్లి వైపు చూసింది. మా అత్తగారి గోళ్ళు నా భుజంలోకి దిగాయి.

"పుచ్చుకో" అంది.

బండి కదిలింది. సుందరమ్మగారు కొంగుతో ముఖం తుడుచుకున్నారు. ప్లీడరుగారు అవతలి ప్లాట్‌ఫారం మీద ఏదో ఉన్నట్టు అటు చూస్తూ నిలబడ్డారు.

మొదట్లో జాబులు వచ్చేవి, మా ఆయన చదివి వినిపించేవాడు. సన్నపోగు పట్టటం వచ్చిందని, అనిమా వాళ్ళమ్మ తనకోసం వేరే గిన్నెలో వండుతుందని. తర్వాత జాబులు తగ్గిపోయాయి. ఆ దేశంలో తిండి లేక జనం చచ్చిపోతున్నారని పేపర్లో వేశారని ప్లీడరుగారు చెప్పారు. మా అత్తగారు గుమ్మం దగ్గర నుంచి కదలటం మానేసింది. మళ్ళీ వానలు పడుతున్నాయి. మా పేటలో కాపురమున్న రైల్వే వాళ్ళ కుటుంబం ఒకటి కలకత్తా నుంచి వస్తూ కనకాన్ని తీసుకొచ్చి దించింది. రెండు చెంబులు చేతిలో ఉన్నాయి. మనిషి చిక్కలేదు. మేం భయపడ్డట్టు ఎండిపోయి రాలేదు. అదే దాని బాధ.

మా అత్తగారు అడిగిన మొదటి మాట: "అన్నం పెట్టారా?"

"పెట్టారమ్మా. నాకే పెట్టారు" అంది కనకం.

చీర తడిసి ఉంది, మార్చుకోమంటే వినలేదు. అక్కడే నిలబడి చెప్పింది. "రోజూ నన్ను ముందు కూచోబెట్టి పెట్టేవాళ్ళు వదినా. మేం తర్వాత తింటాంలే అనేవాళ్ళు. ఒకరోజు మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళాను. ముగ్గురూ గంజి తాగుతున్నారు. ఉప్పేసుకుని. అందులో మెతుకు లేదు. మెతుకులన్నీ నాకు పెట్టి వార్చిన గంజి వాళ్ళు తాగుతున్నారు. ఎన్నాళ్ళ నుంచి అట్లా చేస్తున్నారో. అనిమా నన్ను చూసి నవ్వింది. నాకు మీ ఇంట్లో చేపలు పెట్టలేదా అంది. వీధిలో జనం గిన్నెలు పట్టుకుని గుమ్మం గుమ్మం తిరుగుతారు వదినా. అన్నం అడగరు. గంజి పొయ్యమని అడుగుతారు." ఆ ఇంటి వాళ్ళ తిండి తాను తినలేక, పని సగంలో వదిలేసి వచ్చేసింది.

మర్నాడు వాన తెరిపి ఇచ్చింది. ఎప్పట్లాగే మా అత్తగారు గంజి కాచింది. ఆ నెలకి దొరికిన కాస్త నూలుతో పడుగు చాపాం. కనకం కుంచె తీసుకుని గంజిలో ముంచింది. ముంచి అట్లాగే నిలబడిపోయింది. గంజి కుంచె మీద నుంచి చుక్కలు చుక్కలుగా కింద మట్టిలో పడుతోంది. పడుగు ఆరిపోతోందని ఎవరో అరిచారు. "వదినా, ఇది తాగేది" అంది నాతో. మెల్లిగా అంది. కుంచె కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజే కాదు, మళ్ళీ ఎప్పుడూ ఆ కుంచె పట్టుకోలేదు. మగ్గం గుంటలోకి దిగలేదు. నేర్చుకొచ్చిన సన్నపోగు దాని వేళ్ళలోనే ఉండిపోయింది. ఆ పొద్దు మా అత్తగారు నన్ను పిలవలేదు. గోడ పట్టుకుని లేచి, ఆ మోకాళ్ళతోనే వీధి పొడుగునా పడుగు వెంబడి నడిచి గంజి పట్టింది. నేను అవతలి వైపు పట్టాను. ఇద్దరం తలెత్తలేదు.

కనకం అనుభవాలు చెప్పాలని ప్లీడరుగారు మీటింగు పెట్టారు. అది రాలేదు, నేనే వెళ్ళి చెప్పాను. సుందరమ్మగారు మధ్యలో లేచి లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు. బియ్యం పోగుచేసి పంపుదామనుకున్నాం, చేశాం, పంపాం. అవి చేరాయో లేదో తెలియదు. అనిమా నుంచి మళ్ళీ కబురు లేదు. ప్లీడరుగారు ఎన్నో జాబులు రాశారు. గంగరాజు చెంబుని చింతపండు పెట్టి తోమి తిరిగి ఇవ్వబోయాను. అతను చెయ్యి చాపలేదు. "అది మీ పిల్ల నోటికి వెళ్ళిన చెంబమ్మా. మళ్ళీ నేను తాగితే బాగోదు. మీరే ఉంచండి" అన్నాడు, నాకు మర్యాద చేస్తున్నాననుకుని. గోడ వారగా అతని కొత్త చెంబు అప్పటికే ఉంది, ఎప్పట్లాగే కాస్త ఎడంగా. మిగతావాళ్ళవి ఎప్పటి చోట్లో అక్కడే ఉన్నాయి. ఆ తర్వాత ఒకటి రెండు మీటింగులు జరిగాయి గానీ ఏ పిల్లా రాలేదు, ఏ పిల్లనీ పంపలేదు. ఎవరూ సంఘాన్ని మూసెయ్యలేదు. వెళ్ళటం మానేశాం, అంతే.

కనకాన్ని ఉయ్యూరులో చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసే అతనికిచ్చాం. పిల్లల్ని కన్నది, బాగానే బతికింది, పోయింది. దాని ఇంట్లో అన్నం వారిస్తే గంజి పారబొయ్యనిచ్చేది కాదు. కోడళ్ళకి ఎందుకో తెలియదు, పీనాసి అనుకునేవాళ్ళు. గంగరాజు చెంబుని మా అత్తగారు పారెయ్యనియ్యలేదు, వాడనియ్యలేదు. ఇల్లు మారినప్పుడల్లా మా ఆయనే దాన్ని మూట కట్టి పైన పెట్టేవాడు. ఎందుకని నేనడగలేదు, ఆయన చెప్పలేదు. ఇప్పుడు అడుగుదామంటే మనిషి లేడు.

నా మనవరాలు రాయటం ఆపింది. "మానెయ్యనా మరి? ఉండనా?" అంది. ఉండమనీ చెప్పలేను, పొమ్మనీ చెప్పలేను. నాకిక అంత ఓపిక లేదు. ఒక్కటి చెప్పాను. వచ్చే పిల్ల ఏం తింటుందో ముందే అడుగు, ఎవరు చాదస్తం అన్నా అడుగు. నీ పిల్లని పంపేటప్పుడు వాళ్ళింట్లో ఏం పెడతారని మాత్రమే అడగమాక, వాళ్ళు తినటానికి ఏముందో అది కూడా అడుగు. మాకు మొదటిది తెలియటానికే అంత రభస అయింది. రెండోది అడగాలని ఎవరికీ తోచనే లేదు.

ఆ పిల్ల సొట్ట చెంబుని తోమింది. మూత బిగుసుకుపోయి ఉంది. తలుపు సందులో పెట్టి తిప్పితే గాని రాలేదు. ఏదీ, ఇందులో కాసిని నీళ్ళు పట్టుకురా అన్నాను. మంచం మీద లేచి కూచుని తాగాను. ఇత్తడి వాసన తప్ప ఇంకేమీ లేదు.